పడమటి గది రంగు

కుప్పుస్వామి లప్పం పట్టీ అంచును కాగితం ముక్క కిందికి పోనిచ్చి మెల్లగా పైకి లేపాడు. గంజితో అంటించిన కాగితం సున్నంతో సహా ఊడి వచ్చింది. పాత క్యాలెండర్ నుంచి కత్తిరించిన ముక్క అది. నడుమ నిలువునా చిరిగి ఉంది. అతడు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, గడప దగ్గర నిలబడిన నాగవేణి వైపు తిరిగాడు.

“ఎవురమ్మా వీటిని అంటించింది?”

“నేనే.”

“అన్నీ చిరిగిపోయుండాయే.”

“చిరగతాయో లేదో సూడాలనే అంటించింది.”

ఆమె లోపలికి వచ్చింది. పడమటి గోడలో పగులు కప్పుబండ కింద మూలలో మొదలై, మెట్లు మెట్లుగా దిగి, కిటికీ పైచెక్క దాకా వచ్చి ఆగింది. మొదట కనిపించినప్పుడు అది తలవెంట్రుక మందమే. సదుంలో ఆమె పుట్టింటివాళ్ళు బావిగోడ బీటలిస్తే ఇట్లాగే గంజి పూసి కాగితం అంటించేవారు. నిలిచిపోయిన పగులైతే కాగితం అట్లాగే ఉంటుంది. గోడ ఇంకా కదులుతున్నదైతే చిరుగుతుంది. ఆమె అంటించిన ప్రతి ముక్కా చిరిగింది. చిరిగిన ప్రతిసారీ ఆమె భర్తను పిలిచి చూపించింది. వెంకటేశులు చూసేవాడు, పడమటి గుట్ట వైపు తల తిప్పేవాడు, చెప్పులు తొడుక్కుని చేని మీదికి పోయేవాడు.

గుట్ట మీద గ్రానైట్ క్వారీ ఉంది. సాయంత్రం సైరన్ కూస్తుంది. కూసిన కాసేపటికి రాతిలో కూరిన తూటాలు పేలుతాయి. కుప్పం ఊరి అంచున ఉన్న ఈ వీధిలో చంటిపిల్లలు కూడా ఆ చప్పుడుకు ఉలిక్కిపడరు. అల్మరాలో గిన్నెలు గలగలమన్నప్పుడు ఆడవాళ్ళు మాట ఆపి, గలగల సద్దుమణిగాక ఆపిన చోటునుంచే మళ్ళీ అందుకుంటారు.

“ఇది బండల మిద్దె కదమ్మా,” అన్నాడు కుప్పుస్వామి, పట్టీ కొనతో పైకి చూపిస్తూ. “ఈ బండ కొన గోడ మీద ఎంత కూర్సోనుండాదో సూస్తివా? బెత్తెడు గుడా లేదు. గోడ రవ్వంత అవతలికి వంగితే సాలు, బండకు ఆనుకునేదానికి ఏమీ ఉండదు.”

“ఆ మాట ఆయనతో చెప్పినావా?”

“చెప్పకుండా ఉంటానా? ‘నువ్వు రంగు పూసేదానికి వచ్చినావా, జోస్యం చెప్పేదానికి వచ్చినావా’ అన్నాడు.” అతడు నవ్వి, చిరిగిన కాగితాన్ని ఉండ చేసి బకెట్టులో వేశాడు. “నాది పైపూత యాపారం తల్లీ. పెండ్లికూతురికి పౌడరు అద్దేవాడు పండ్లు పుచ్చినాయా అని అడగతాడా?”

నాగవేణి నవ్వలేదు. అతడు కూడా ఆమె నవ్వుతుందని ఎదురుచూడలేదు. ఉలితో పగులు పొడవునా సన్నని గాడి తీశాడు. దుమ్మును బ్రష్షుతో దులిపి, తడి చేసి, జిగురు కలిపిన సిమెంటు ముద్దను బొటనవేలితో గాడిలోకి కుక్కాడు. పైన వల టేపు పరిచి దానిమీద లప్పం లాగాడు. ఆరిన తరువాత గరుకు ఉప్పుకాగితంతో గుండ్రంగా, ఓపికగా రుద్దాడు. తెల్లటి పొడి అతని కనుబొమల మీద పేరుకుంది. మధ్యాహ్నం దాటేసరికి గోడమీద పగులు జాడ లేదు.

అతడు అన్నానికి కూర్చున్నప్పుడు ఆమె వచ్చి అరచేయి గోడకు ఆనించింది. గోడ చల్లగా, పసిబిడ్డ వీపంత నున్నగా ఉంది. పగులు ఎక్కడ ఉండేదో కళ్ళు మూసుకుని వేలితో గీయగలిగిన ఆమెకే, ఇప్పుడు కళ్ళు తెరిచి చూసినా అది దొరకలేదు.

*

వెంకటేశులు మదనపల్లె మార్కెట్టులో టమోటాలు దించి, ఖాళీ క్రేట్ల నడుమ రంగు డబ్బాలు పెట్టుకుని వచ్చాడు. డబ్బాలతోబాటు ఒక అట్టపెట్టె కూడా ఉంది. అందులో గోడకు తగిలించే ఇత్తడి దీపాలు రెండు, మీగడ రంగు పరదాలు. ఈ ఇంట్లోకి పరదా అన్నది రావడం అదే మొదలు.

కుప్పుస్వామి వాకిట్లో డబ్బా మూత తెరిచాడు. మూత మీద అంటించిన చీటీలో బర్గండీ అని ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి చదివిన నాగవేణి దాన్ని కూడబలుక్కుని చదివింది. లోపల ఉన్నది ఎరుపు కాదు, నలుపు కాదు. కర్ర పెట్టి కలిపితే అడుగునుంచి నేరేడుపండు రసం వంటి నిగారింపు పైకి తేలింది; కర్ర ఎత్తితే కోసిన కార్జం వలె తీగ సాగింది.

“మండీ ఓనరు ఇంట్లో సూసినా,” అన్నాడు వెంకటేశులు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. “ఒక గోడకంతా ఇదే రంగు. మిగతా మూడింటికీ మీగడ రంగు. నడుమ ఇత్తడి దీపం. లోపలికి అడుగుపెడితే సూపు నేరుగా ఆడికే పోతాది. ఇంక యాడికీ పోదు.”

“సూపు ఆడికి పోతే మంచిదా మనకు?”

అతడు భార్య ముఖంలోకి చూసి, కుప్పుస్వామి వింటున్నాడని గుర్తించి, వసారాలోకి నడిచాడు. ఆమె మంచినీళ్ళ చెంబుతో వెంట వెళ్ళింది.

“ముదురు రంగులో గీత కనపడదు,” అన్నాడు, నీళ్ళు తాగి. “తెల్లసున్నంలో అయితే మళ్ళా రేపే తేల్తాది.”

“ఎవురికి కనపడకూడదు?”

ఎవరికో అతడు చెప్పవలసిన అవసరం లేదు. ఆదివారం ఇంటి భాగాలు. పుంగనూరులో పాలకేంద్రంలో పనిచేసే తమ్ముడు శివకుమార్‌కు కుప్పానికి బదిలీ అయింది. భార్యనూ, నెలల బిడ్డనూ తీసుకుని వచ్చేస్తున్నాడు. పొలం ఎప్పుడో పంచుకున్నారు, ఇల్లు మిగిలింది. తూర్పు పక్క ఒక గది, వంటిల్లు, ఆవుల కొట్టం. పడమటి పక్క పెద్ద గది, ముందు వసారా. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పద్ధతి ఒకటే: పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఏరుకోవాలి. పంచేవాడికి ఏరుకునే హక్కు ఉండదు గనుక ఒక పక్క తగ్గించి పెట్టడానికి వాడికి చేయి రాదు. తాతలనాటి ఆ ఉపాయానికి తిరుగులేదని అందరూ చెప్పుకుంటారు.

“చిన్నోడు ఈ పక్కే ఏరుకోవాలని పూస్తాండావు,” అంది నాగవేణి.

“ఏరుకుంటే ఏరుకుంటాడు. నేనేం సేయి పట్టుకోని ఏరిపిస్తానా?”

“ఆ గోడ కింద బిడ్డను పండేసుకుంటారయ్యా.”

“గోడ ఇప్పుడే పడతాదని నీకెవురు చెప్పినారు? ఇన్ని దినాలు పడిందా?” అతని గొంతు పెరగలేదు, పెరగకపోవడమే ఆమెకు భయం కలిగించింది. “క్వారీ వోళ్ళ కాడికి పోతి. ఆఫీసుకు పోతి. వచ్చి సూసి పోయినారు, అంతే. ఆ రాయిని నేను పేలుస్తాండానా? గోడ పడగొట్టి కట్టాలంటే బండలన్నీ దించాల. టమోటా ముఖం సూసి నేను ఆ పని ఎత్తుకోగలనా? వాడికి నెల తిరిగితే జీతం. వాడు కట్టుకోగలడు.”

“అయితే చెప్పి ఇయ్యి.”

“చెప్తే తీసుకుంటాడా?”

ఆ ప్రశ్నలో మోసం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు. చెంబు ఆమె చేతికి ఇచ్చి, లేచాడు.

“ఇంగో మాట. భాగాల ముందర యాల రంగులేయిస్తాండావని మునిచంద్ర మామ ఫోనులో అడిగినాడు. ‘నాగేణికి ఆ రంగంటే ఆశ, ఎన్నాళ్ళ నుంచో అడగతాండాది’ అని చెప్పినా. శివకు గుడా అదే చెప్పినా. ఎవురన్నా అడిగితే నువ్వు గుడా అట్లే చెప్పు.”

ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆమె ఒక్క రంగు గురించి కూడా మాట్లాడింది లేదు. చీరలు సైతం అతడు తెచ్చినవే.

*

ముదురు ఎరుపు నేరుగా తెల్లగోడ మీద నిలవదని, ముందు బూడిద రంగు పూత వేశాడు కుప్పుస్వామి. ఒక రోజంతా ఆ గోడ వాన కురవబోయే ఆకాశంలా ఉండిపోయింది. మరుసటి ఉదయం రోలరును తట్టలో దొర్లించి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చేటట్టు పట్టీలుగా లాగాడు. మొదటి పూత పచ్చిమాంసం లాగా ఉంది. అక్కడక్కడ బూడిద రంగు తొంగిచూసింది.

“బెదురుకోవాకమ్మా,” అన్నాడు. “ఈ రంగు తడిలో ఒగటి, ఆరితే ఇంగొగటి. రెండో పూతకు దొర మాదిరి అయిపోతాది.”

“ఇంత కష్టమా దీనికి?”

“నిండా కష్టం. తెలుపు పాపం ఏది ఇచ్చినా పట్టుకుంటాది. ఇది బో గర్వంది. అడుగు సరిగా లేకుంటే అంటదు.” అతడు రోలరు ఆపి, తన మాట తానే విన్నట్టు కొంచెంసేపు గోడకేసి చూశాడు. “ఈడ మాత్రం అడుగు సరిగానే సేసినాను. అడుగుకు అడుగు ఏముండాదో అది నా పని కాదు.”

సాయంత్రం సైరన్ కూసింది. అతడు నిచ్చెన దిగి, రోలరును తట్టలో పెట్టి, వాకిట్లోకి వచ్చి బీడీ తీశాడు. ఏ సాయంత్రమూ అతడు సైరన్ వేళకు గదిలో ఉండలేదన్న సంగతి నాగవేణి అప్పుడే గమనించింది.

నేల లోపలినుంచి ఏదో బరువైనది పక్కకు ఒత్తిగిల్లినట్టు అనిపించింది. చప్పుడు ఆ తరువాత వచ్చింది. కిటికీ ఊచలు సన్నగా అదిరాయి. ఆమె గడపమీద నిలబడి తడిగోడను చూస్తూనే ఉంది. బండల సందులనుంచి సున్నపు దుమ్ము పల్చగా రాలి, ఎర్రటి తడిమీద పిండి చల్లినట్టు వాలింది. పైమూలనుంచి కిటికీ దాకా, దుమ్ము మిగతా చోట్ల కంటే కొంచెం ఎక్కువగా పట్టిన దారి ఒకటి కనిపించింది. కనిపించిందో, తాను చూడాలనుకున్నదాన్నే చూసిందో ఆమె తేల్చుకోలేకపోయింది.

“అన్నా, ఆడ సూడు.”

కుప్పుస్వామి బీడీ పారేసి వచ్చి, మెడ చాచి చూశాడు.

“రెండో పూత మింగేస్తాది,” అన్నాడు.

రెండో పూత మింగేసింది. శనివారానికి దీపాలు బిగించారు, పరదాలు వేలాడదీశారు. పొద్దు వాలే వేళ గోడ లోతైన నేరేడు రంగులోకి తిరిగి, గదిలోని వెలుతురునంతా తనలోకి పీల్చుకుని తిరిగి ఇవ్వనట్టు నిలబడింది. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. “సినిమావోళ్ళ ఇల్లు మాదిరి ఉండాది నాగేణమ్మా, నీకు ఇంత టేస్టు ఉండాదని తెలీదే,” అందొకామె. నాగవేణి తలవూపింది. కొంగు అంచున ఎప్పుడు అంటుకుందో ఆ రంగు మరక ఒకటి ఉంది. సబ్బుతో రుద్దింది, కిరసనాయిలుతో రుద్దింది. అది పలచబడి వెడల్పయింది, అంతే.

*

శివకుమార్ శనివారం సాయంత్రమే భార్యాబిడ్డలతో దిగాడు. వాకిట్లోనే చెప్పులు విడిచి, “వదినా, ఆకలి,” అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చి, చట్టిలోని ఉడికిన పెసలు పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

“పుంగనూర్లో అన్నం పెట్టరా నాయనా నీకు?”

“పెడతారు. దాన్ని అన్నమని వాళ్ళు చెప్తే గానీ తెలీదు.”

“వినపడతాండాది,” అని అతని భార్య భవ్య వసారానుంచి అంది. “రేపట్నుంచి వదిన కాడనే తిను, నాకు గ్యాసు మిగలతాది.”

అందరూ నవ్వారు. వెంకటేశులు కూడా నవ్వాడు. బిడ్డను మరదలి చేతులనుంచి అందుకుని, ముక్కును ముక్కుతో రాశాడు. నాగవేణి అతని చేతులను చూసింది. బిడ్డ మెడ కింద పెట్టిన ఆ అరచేయి అబద్ధమాడటం లేదు. అదే ఆమెకు అర్థం కాలేదు.

భవ్య పడమటి గదిలో అడుగుపెట్టి, అక్కడే నిలిచిపోయింది. ఫోను తీసి గోడ ముందు నిలబడి ఒక ఫోటో, బిడ్డను ఎత్తుకుని ఒక ఫోటో తీసుకుంది. తరువాత తల ఎత్తి కప్పుబండ కేసి చూసింది. గోడకు మూరెడు ఇవతల, బండకు ఇనుప కడియం ఒకటి ఉంది.

“అక్కా, ఇది ఉయ్యాల కడియమే కదా? తొట్టి ఈడ కడితే ఎనకాల ఈ రంగు. ఎంత అందంగా ఉంటాదో.” అని చాప పరిచి, బిడ్డను గోడవారగా పడుకోబెట్టింది. బిడ్డ కాళ్ళు ఆడిస్తూ, మడమతో గోడను తన్నింది.

నాగవేణి వంగి, చాపను బిడ్డతో సహా గది నడిమికి లాగింది.

“రంగు వాసన ఇంకా పోలేదు. పసిబిడ్డకు మంచిది కాదు.”

“కిటికీ తెరిచుండాది కదక్కా.”

“ఇంత ముదురు రంగు ఇంటికి బాగుండదు భవ్యా. సీకటి. తూర్పు గదికి పొద్దున్నే ఎండ వస్తాది. బిడ్డకు ఎండ మంచిది.”

భవ్య లేచి నిలబడింది. ముఖంలో నవ్వు పూర్తిగా పోలేదు గానీ దాని కింద ఉన్నది మారింది.

“నీకు ఆశ అని కదా బావ ఏయించింది? నీకు బాగుండేది నాకు బాగుండకుండా యాల పోతాదక్కా? ఏరుకునేది మా వంతు అని బాదగా ఉంటే ఆ మాటే చెప్పు. సుట్టు తిప్పి చెప్పేది ఎందుకు?”

నాగవేణి నోరు తెరిచింది. వసారాలో అన్నదమ్ములు ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. ఈ గోడ లోపల ఏముందో చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటల తరువాత ఆ నవ్వు ఈ ఇంట్లో మళ్ళీ వినపడదు. భర్త పేరు పెద్దమనుషుల నోళ్ళలో పడుతుంది. తమ్ముడి బిడ్డను చావుగోడ కింద పెట్టజూసినవాడని పలమనేరు దాకా చెప్పుకుంటారు. అతడు అంతటివాడు కాడని ఆమె ఎవరికి చెప్పగలదు? తనకే నమ్మకంగా చెప్పుకోలేకపోతోంది.

“బాద ఏమీ లేదు,” అంది.

బిడ్డ మడమ తగిలిన చోట గోడమీద ఏ గుర్తూ పడలేదు. ఆమె వెళ్తూ వెళ్తూ మళ్ళీ చూసింది.

*

ఆదివారం పొద్దున పలమనేరునుంచి మునిచంద్ర వచ్చాడు. అన్నదమ్ముల మేనమామ, ఈ ఇంట్లో పెద్దదిక్కుగా మిగిలినవాడు ఆయనే. వీధిలోంచి ఇద్దరు పెద్దలను పిలిచారు. రెండు గదుల నడుమ నడవలో చాప వేసి, పళ్ళెంలో బియ్యం పోసి, తమలపాకులు రెండు పరిచి, ఒక్కొక్క ఆకుమీద ఒక్కొక్క తాళంచెవి పెట్టారు. పడమటి గది తాళంచెవికి పసుపుదారం కట్టారు. తూర్పుదానికి ఏమీ కట్టలేదు.

“పెద్దోడు పంచినాడు,” అన్నాడు మునిచంద్ర, నోట్లోని వక్కను ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకు మార్చి. “ఆ పక్క వంటిల్లు, కొట్టం ఉంటే, ఈ పక్క రంగులు, లైట్లు. పెండ్లిమంటపం మాదిరి చేసినావు కదప్పా ఎంకటేశూ, కూర్సుంటే లేయబుద్ధి కాలేదు నాకు. ఈ మాదిరి పంచే అన్న ఉంటే నేను గుడా మా ఇంట్లో భాగాలు అడిగుందును.” పెద్దలు నవ్వారు. “ఇంక చిన్నోడు ఏరుకోవాల. ఏరుకున్నాక వెనక్కి మాట లేదు. సెయ్యి పెట్టు శివా.”

వెంకటేశులు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అతని చూపు పళ్ళెం మీద లేదు. తన గోళ్ళ మీద ఉంది. గోళ్ళ సందుల్లో టమోటా ఆకు పసరు నల్లగా ఎండి ఉంది; ఒక గోటితో ఇంకో గోటిని గీస్తున్నాడు.

శివకుమార్ తల తిప్పి భార్యను చూశాడు. భవ్య బిడ్డను భుజాన వేసుకుని, పడమటి గది తలుపుకేసి చూసింది. తలుపు తెరిచే ఉంది. లోపల ముదురు గోడ, దానిమీద వెలిగించి ఉంచిన ఇత్తడి దీపాలు. శివకుమార్ చిన్నగా నవ్వి చేయి చాచాడు. అతని వేళ్ళు పసుపుదారం మీదికి పోయాయి.

“శివా.”

వంటింటి గుమ్మంలోంచి వచ్చింది మాట. అందరూ తిరిగి చూశారు. నాగవేణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

“ఆ గది నాకు కావాల.”

వీధిలో పాలవాడి మోటారుసైకిలు పోయిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. మునిచంద్ర వక్క నమలడం ఆపాడు.

“ఇది ఆడోళ్ళు మాట్లాడే జాగా కాదమ్మా. ఏరుకునేది వాని వంతు.”

“తెలుసు మామా. నేను ఏరుకోలేదు. అడగతాండాను.” ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. “ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఇది కావాలని ఒగటి అడిగింది లేదు. ఆ రంగు నాకు ఆశ. నా కోసరమే ఏయించినాడు మీ మేనల్లుడు. మీకు గుడా అదే చెప్పినాడంట కదా. అడగండి.”

మునిచంద్ర వెంకటేశులు వైపు తిరిగాడు.

“నిజమేనాప్పా?”

వెంకటేశులు తల ఎత్తాడు. భార్యను చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె ముఖంలో ఎన్నడూ చూడనిదేదో అక్కడ ఉంది. అది కోపం కాదు, బతిమాలడం కాదు. ఒక తలుపు తెరిచి పట్టుకుని నిలబడినట్టు నిలబడింది. అతడు ఇప్పుడు ‘కాదు’ అనవచ్చు. కాదంటే ఆ రంగు ఎందుకో చెప్పాలి.

“నిజమే,” అన్నాడు. “ఆమెకు ఆశ.”

శివకుమార్ చేయి వెనక్కి తీసుకుని బిగ్గరగా నవ్వాడు.

“ఓయబ్బా. వదిన నోరు తెరిసి అడిగింది. నేను ఇయ్యకపోతే పుట్టగతులుంటాయా నాకు?” అని తూర్పు గది తాళంచెవి తీసుకుని, కళ్ళకు అద్దుకున్నాడు. “ఈడ ఎండ గుడా బాగుంటాది. వంటిల్లు గుడా నాదే. ఇంక నువ్వే నా కాడికి వచ్చి ఆకలి అనాల వదినా.”

పెద్దలు మెచ్చుకున్నారు. అన్నదమ్ములంటే ఇట్లా ఉండాలన్నారు. భవ్య మాత్రం నవ్వలేదు. నాగవేణి పక్కనుంచి తూర్పు గదిలోకి పోతూ, ఆమెకు మాత్రమే వినపడేటట్టు, “ఎండ మంచిదని నిన్న యాల చెప్పినావో ఇప్పుడు తెలిసిందక్కా,” అంది.

నాగవేణి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

*

పెద్దలు భోంచేసి పోయారు. తూర్పు గదిలో దూలానికి తొట్టి కట్టారు. గొలుసు కిర్రుమనే చప్పుడు నడవ దాటి వినిపిస్తోంది. మధ్య తలుపును భవ్య లోపలినుంచి వేసుకుంది.

నాగవేణి తన పక్కబట్టలు, పెట్టె, అద్దం పడమటి గదిలోకి తెచ్చుకుంది. తరువాత చిన్న గిన్నెలో గంజి కలిపింది. పాత క్యాలెండర్ తీసి, కత్తెరతో బెత్తెడు ముక్క కత్తిరించింది. స్టూలు ఎక్కి, వేలితో గంజి పూసి, పైమూలకు కొంచెం కిందుగా, పగులు ఉండే చోట అడ్డంగా అంటించి, నడిమినుంచి అంచులకు బొటనవేలితో నొక్కింది. ముదురు గోడమీద తెల్లటి కాగితం గాయానికి వేసిన పట్టీలా కొట్టవచ్చినట్టు కనిపించింది.

వెంకటేశులు గడప అవతల నిలబడ్డాడు. భాగాలు అయినప్పటినుంచి అతడు ఈ గదిలోకి రాలేదు.

“అది యాల మళ్ళా?”

“ఇంక ఎవురికి కనపడకూడదు?”

అతడు తువ్వాలు భుజం మీదినుంచి తీసి, మళ్ళీ వేసుకున్నాడు. పొద్దు గుట్ట మీదికి వాలింది. పరదాల సందులోంచి వచ్చిన చివరి ఎండ గోడను తాకి, రంగును ఒక్క క్షణం లోపలినుంచి మండించి పోయింది.

సైరన్ కూసింది.

నాగవేణి స్టూలు దిగి, గోడ కింద పరుచుకున్న పక్కమీద కూర్చుంది. గంజి గిన్నెను ఒడిలో పెట్టుకుంది.

“బయటికి రా నాగేణీ.”

“ఇన్ని దినాలు సైరన్ కూసినప్పుడు నన్ను బయటికి పిలిస్తివా? ఈ పొద్దు యాల?”

“రా అంటాండానా లేదా.”

“ఆ బిడ్డ ఈడ పడుకోనుంటే, సైరన్ కూసినప్పుడు పోయి పిలుద్దువా?”

సైరన్ ఆగిపోయింది. ఆగిన తరువాత ఉండే ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉంటుందో ఈ వీధిలో అందరికీ తెలుసు. తూర్పు గదిలో గొలుసు కిర్రుమంటూనే ఉంది. వెంకటేశులు గడప దాటి, గది అడ్డంగా నడిచి వచ్చి, ఆమె చేయి పట్టుకుని లాగబోయి, ఆమె లేవకపోయేసరికి చేయి వదలకుండానే పక్కమీద కూలబడ్డాడు.

నేల పక్కకు ఒత్తిగిల్లింది. ఇత్తడి దీపాలు గోడమీద టకటకమన్నాయి. బండల సందులనుంచి దుమ్ము రాలి, అతని తలమీదా, ఆమె తలమీదా, గిన్నెలోని గంజిమీదా పడింది. అతని వేళ్ళు ఆమె మణికట్టును నొప్పి పుట్టేంతగా బిగించాయి.

చప్పుడు గుట్టలమీద తిరిగి తిరిగి అణిగింది. ఇద్దరూ తలలు ఎత్తి చూశారు. కాగితం చిరగలేదు. నడుమ నిలువుగా, గోటితో గీసినంత సన్నని ముడత ఒకటి లేచి ఉంది.

వెంకటేశులు చాలాసేపు దానినే చూశాడు.

“తెల్లార్తోనే మేస్త్రీని పిలుస్తా,” అన్నాడు. “ఆవుల్ని అమ్మైనా సరే, బండలు దించేస్తాం. గోడ పడగొట్టి కడదాం.”

నాగవేణి మణికట్టును విడిపించుకుంది. మేస్త్రీ నిన్నా ఇదే వీధిలో ఉన్నాడు, ఆవులు నిన్నా కొట్టంలోనే ఉన్నాయి అని అతనికి చెప్పాలని ఆమెకు అనిపించలేదు. తూర్పు గదిలో బిడ్డ ఏడ్చి, ఊరుకుంది. ఆమె గంజిమీద తేలిన దుమ్మును వేలితో ఒక పక్కకు తీసి, కత్తెర అందుకుని, రెండో ముక్క కత్తిరించింది.